కోతల పండుగలో మాల్టు బస్తా

కిందటి నెలలో ఒక పొద్దున తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, రేపల్లె సంఘం వాళ్ళ గ్రూపులో మా తోడల్లుడు పెట్టిన ఫోటో ఒకటి కనిపించింది. తళతళలాడే రాగి రంగు ట్యాంకుల ముందు, నల్లటి ఏప్రను కట్టుకుని, నురగ పొంగుతున్న గ్లాసు ఎత్తి పట్టుకుని వాళ్ళబ్బాయి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. బెంగుళూరులో జనం కళ్ళెదుటే బీరు కాచి అమ్మే చోటొకటి ఉంది, అక్కడ వాడు బ్రూయరు. ఫోటో కింద మా తోడల్లుడు, దేవుని కృప వల్ల మా అబ్బాయికి ప్రమోషను వచ్చింది, ప్రార్థించిన వారందరికీ వందనాలు అని రాశాడు. దాని కింద దణ్ణాలు, ఆమెన్లు, పూలగుత్తులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. స్త్రీల సమాజం వాళ్ళు పెట్టారు, క్వయరు పిల్లలు పెట్టారు, ఆఖరికి పాస్టరు అయ్యగారు కూడా పెట్టారు. పెట్టకపోతే బాగుండదని నేనూ ఒక దణ్ణం పెట్టాను. కాఫీ మాత్రం ఆ పూట సయించలేదు.

కడుపుమంట అనండి, కుళ్ళు అనండి, ఏ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. మన ఈడువాళ్ళతో చెప్పుకోవడానికి సిగ్గేముంది? సంగతేమిటంటే, నేను కూడా బీరు కాచే బతికాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా హైదరాబాదు అవతల ఒక బ్రూవరీలో ఆ పొగల మధ్య, ఆ వాసనల మధ్య నా వయసంతా గడిచింది. ఆ వయసులో నేను కూడా ఏప్రను కట్టుకున్నవాణ్ణే, అలాంటి ట్యాంకుల ముందే నిలబడ్డవాణ్ణే, కాకపోతే నన్ను ఎవరూ ఫోటో తీయలేదు, తీసినా దాన్ని రేపల్లెలో చూపించగలిగేవాణ్ణి కాదు.

బాపట్లలో చదువుకునే రోజుల్లో నేను అనుకున్నది వేరు. కెమిస్ట్రీ చదివినవాడికి మన వైపు రెండే దారులు కనపడేవి, లెక్చరరు పోస్టు లేకపోతే ఎరువుల కంపెనీ. రెండూ దొరక్క, సాయంత్రాలు సూర్యలంక ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూస్తూ నిట్టూర్చే కాలంలో పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెడితే ఈ ఉద్యోగం వచ్చింది. కంపెనీ పేరులో బీరు అన్న మాట ఎక్కడా లేదు, చివర ఇండస్ట్రీస్ అని మాత్రం ఉండేది, అది మా ఇంటికి కలిసొచ్చింది. మా నాన్న తెనాలి బజారులో ఎవరు అడిగినా మావాడు ఇండస్ట్రీస్‌లో కెమిస్టు అని చెప్పి, రెండో ప్రశ్న పడకముందే సైకిలెక్కేసేవాడు.

అక్కడ మా పెద్ద సారు ఉత్తరాది మనిషి, కొండ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడు, తెల్లవాళ్ళు వదిలి వెళ్ళిన బ్రూవరీలో పని నేర్చుకున్నవాడు. మన దేశంలో బీరు కథ నేను విన్నది ఆయన నోటే. మొదట్లో తెల్ల సిపాయిల కోసం పీపాలకు పీపాలు ఓడల్లో వచ్చేవట, సముద్రం మీద నెలల తరబడి ఎండకు ఉడికి సగం దారిలోనే పులిసిపోయేవట. అలా కాదని ఇక్కడే కాచుకుందామంటే మన ఎండలకు నిలవదు, ఐసు యంత్రాలు ఇంకా రాలేదు. అందుకని చలి ఉండే కొండల మీద, ఊటనీళ్ళు పారే చోట్ల బ్రూవరీలు కట్టుకున్నారట. చల్లబరిచే యంత్రాలు వచ్చాకే అవి కొండ దిగి మైదానాలకు చేరాయి. తెల్లవాళ్ళు వెళ్ళాక మనవాళ్ళు కొన్నారు, పేర్లు మార్చారు, సీసాల మీద బొమ్మలు మార్చారు, కానీ లోపలి పద్ధతి మాత్రం చాలాకాలం మార్చలేదు. బార్లీ ఉత్తరాది నుంచి వచ్చేది, హాప్స్ అనే చేదు మొగ్గలు పరదేశం నుంచి బిగించి కట్టిన మూటల్లో వచ్చేవి, వాటి జిగురు వాసన ఎంత సబ్బు వేసి తోమినా చేతుల్ని వదిలేది కాదు.

వీటికి మన దేశంలో ఇంకొకటి కలిసింది, నూకలు. బార్లీ ఖరీదు గనక దానితో పాటు బియ్యపు నూకలు కూడా ఉడకబెట్టేవారు. మా పెద్ద సారుకు అది నచ్చేది కాదు, బీరంటే బార్లీయే అని ఆయన పట్టు. నాకు మాత్రం ఒకనాడు గోడౌనులో నూకల బస్తాల మీద తెనాలి మిల్లు ముద్ర కనిపించేసరికి కళ్ళు చెమ్మగిల్లాయి. మా తెనాలి పక్క సంగం జాగర్లమూడి కాలవ కింద పండిన వడ్లే అయి ఉంటాయి, మిల్లులో విరిగి, నూకలై, నాలాగే ఇంత దూరం వచ్చి, నాలాగే ఊళ్ళో ఎవరికీ తెలియకుండా బీరులో కలుస్తున్నాయి అనిపించింది.

పని మీద ఇష్టం కలగడం అంటే ఏమిటో నాకు బీరు కాచే ఆ ఉడుకు గదిలోనే తెలిసింది. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలకను సమయం చూసి వేడిగాలికి ఎండబెడితే మాల్టు అవుతుంది. దాన్ని మరపట్టి తగినంత వేడి నీళ్ళలో కలిపితే, ఏ చక్కెరా వెయ్యకుండానే గింజలోని పిండి తనంతట తాను తీపెక్కుతుంది. ఆ ఘడియలో గదంతా వచ్చే వాసన, అప్పుడే దించిన అరిసెల పాకం వాసనకు కొంచెం దగ్గరగా ఉంటుంది. ఆ మాట ఒక్కసారైనా మా ఇంట్లో భోజనాల దగ్గర చెప్పుకోవాలని ఉండేది. ఎవరితో చెప్పను?

రేపల్లెలో మా మామగారు సంఘపెద్ద. ఆయన చిన్నతనంలో సారా వాళ్ళింటిని ఎంత గుల్ల చేసిందో ఆయన మరిచిపోలేదు, తాగుడు మాట ఎత్తితేనే ఆయన మొహం మారిపోయేది, అందుకు ఆయన్ని నేను ఏనాడూ తప్పు పట్టలేదు. పెళ్ళి శుభలేఖలో నా పేరు కింద కెమిస్టు అని వేశారు. పెళ్ళయిన వారానికే నా భార్యకు చెప్పాను, ఆవిడ, మా నాన్నకు తెలియనివ్వకండి, గుండె ఆగిపోతుంది అంది. అంతే, ఇక ఆ ఇంట్లో నా పని మీద మూత పడింది.

నాకు పెళ్ళయిన మూడో ఏట మా మరదలికి పెళ్ళి చేశారు. అలా వచ్చిన మా తోడల్లుడు రేపల్లె బడిలోనే సైన్సు మాస్టారు. మాస్టారంటే ఇక చెప్పేదేముంది, బడి మాట, పిల్లల మాట, పరీక్షల మాట, ఏ మాటైనా మామగారి ముందు ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఆయన సాయంత్రం పూట వాకిట్లో కుర్చీ వేసుకుంటే పక్క కుర్చీ అతనిది. నేను సెలవుల్లో తెనాలి నుంచి వచ్చే రేపల్లె బండి దిగి చెమటలు కక్కుతూ వచ్చేసరికి ఆ కుర్చీ ఎప్పుడూ నిండి ఉండేది. పెద్దల్లుణ్ణి నేనైనా, చేపల పులుసులో మంచి ముక్క ముందు అతని కంచంలో పడేది. అత్తగారు కావాలని చేసేవారు కాదు, గరిటె తనంతట తాను అటు తిరిగేది. నేను ముళ్ళు ఏరుకుంటూ, నవ్వుతూ, లోపల ఉడికిపోయేవాణ్ణి. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే మీ ఫ్యాక్టరీలో పని ఎలా ఉందండీ అని అతనే ఒకోసారి నన్నడిగేవాడు, నేను బానే ఉందని తేల్చేసేవాణ్ణి, అది కూడా నన్ను ఇరుకున పెట్టడానికే అడుగుతున్నాడని నా అనుమానం.

కోతలయ్యాక రేపల్లె గుళ్ళో, అంటే చర్చిలో, కోతల పండుగ జరిగేది, ఇప్పటికీ జరుగుతుంది. ఎవరి కష్టఫలం వాళ్ళు తెచ్చి బలిపీఠం మెట్ల దగ్గర పెట్టాలి. రైతులు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు తెచ్చేవారు, ఆడవాళ్ళు కోళ్ళను కాళ్ళు కట్టి తెచ్చేవారు, దర్జీ కుట్టిన చొక్కా తెచ్చేవాడు, మాస్టారు సుద్దముక్కల పెట్టెలూ పలకలూ తెచ్చేవాడు. ఆరాధన అయ్యాక బయట పందిట్లో అవన్నీ వేలం వేసేవారు, గుడికి వచ్చిన కానుకను పోటీపడి పాడుకోవడం ఒక గౌరవం. దేన్నైనా ఎవరూ పాడకపోతే ఒక ఆచారం ఉండేది. తెచ్చిన మనిషిని లేచి నిలబడమనేవారు, ఇది ఏమిటో, ఏ పని చేసి సంపాదించాడో సంఘానికి తన నోటితో చెప్పమనేవారు. చెప్పాక జాలిపడి ఎవరో ఒకరు పాడేవారు.

అప్పటిదాకా ప్రతి ఏడూ నేను బజారులో కొన్న కొబ్బరికాయలే తీసుకెళ్ళేవాణ్ణి. మరదలి పెళ్ళయిన మరుసటి ఏడు మాత్రం, కిందటి పండుగలో మా తోడల్లుడు పెట్టిన ఆ సుద్దముక్కల పెట్టెలు తలుచుకుని నాలో పౌరుషం పుట్టింది. నా కష్టఫలం నేనెందుకు పెట్టకూడదు, దేవుడికి తెలియని పని ఏమైనా చేస్తున్నానా అనుకుని, మా పెద్ద సారును అడిగి ఒక చిన్న బస్తా మాల్టు తెచ్చాను. చూసినవాళ్ళు ఏదో బార్లీ గింజలనుకుంటారు, జ్వరం వస్తే కాచుకు తాగుతారు కదా అని నా లెక్క. గుమ్మడికాయల పక్కన బస్తా పెట్టి వెనక్కి వచ్చి కూర్చుంటే, ఆ రోజు ఆరాధనలో నాకు నిజంగా ప్రార్థన వచ్చింది.

వేలం దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. కోళ్ళు పోయాయి, గెలలు పోయాయి, చొక్కా పోయింది. నా బస్తా మూతి విప్పి గింజలు చేతిలో పోసుకుని, వేలం వేసే పెద్దాయన గోధుమలా, దాణానా అని తనలో తను గొణుక్కున్నాడు. ఎవరూ పాట ఎత్తుకోలేదు. మామగారు కళ్ళజోడు సవరించుకుని నా వైపు తిరగడం, లేవమన్నట్టు చెయ్యి కదపబోవడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. సరిగ్గా అప్పుడే ముందు వరుసలోంచి మా తోడల్లుడు పాట ఎత్తుకున్నాడు. ఎదుటి పాట లేకపోయినా తన పాట మీద తనే పెంచాడు. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు, బస్తా అతని పాలైంది.

అప్పుడు నాకు ఊరట కలిగిన మాట నిజమే, కానీ అది ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. అత్తగారు ఆ గింజల్ని తిరగట్లో విసిరి, గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, కుంపటి మీద బూడిద కప్పి, దాని మీద గిన్నె పెట్టి పక్కింటికి వెళ్ళారు. తిరిగొచ్చి గుడ్డలో వడకట్టి చూస్తే తియ్యటి జావ. ఆవిడకు తెలియకుండానే, మా బ్రూవరీలో మేము థర్మామీటర్లు పెట్టి చేసే పనే ఆవిడ కుంపటి మీద చేసేసింది. అది కాచి, చేదు మొగ్గలు వేసి, పులియబెడితే బీరు. మా మామగారు, సారా పేరు చెబితే మండిపడే మా మామగారు, గ్లాసుడు తాగి, మూతి తుడుచుకుని, ఇంకో గ్లాసు పొయ్యమని, వీధిన పోయేవాళ్ళను పిలిచి మరీ మా చిన్నల్లుడు తెచ్చిన జావ రుచి చూడండి అన్నారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా. నేను నా జావ నేనే తాగుతూ బాగుందండి అన్నాను. అతనికి పోయబోతే, నాకు తీపి అంతగా పడదండి అని గ్లాసు పక్కకు జరిపాడు. నా బస్తా లాక్కున్నదే కాక, రుచి కూడా చూడనంత పొగరా అని ఆ రాత్రి నా భార్య దగ్గర ఎంత ఎగిరిపడ్డానో. మర్నాటికి మిగిలిన జావ బుడగలు కడుతుంటే, పులిసిపోయిందని అత్తగారు గేదెకు పోసేశారు.

ఆ తరవాత రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చిన కాలంలో మా ఫ్యాక్టరీ మూతపడి నేను తెనాలిలో ఖాళీగా కూర్చున్నాను. చట్టం వచ్చిన తొలి ఆదివారం మా మామగారు గుళ్ళో లేచి నిలబడి, తన జీవితకాలంలో ఈ చట్టం చూసినందుకు దేవునికి స్తోత్రం చెల్లించారు, పక్కనే ఉన్న నేను ఆమెన్ అన్నాను. సారా మీద తిరగబడి ఆ చట్టం తెప్పించిన ఆడవాళ్ళ పోరాటం న్యాయమైనదేనని నాకూ తెలుసు, అయినా నా ట్యాంకులు ఎండిపోతున్నాయని నాకు దిగులుగా ఉండేది. అప్పుడే మా తోడల్లుడు తన పదో తరగతి పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిపెట్టమని నన్ను పిలిచాడు. అతని కింద పని చేయమంటున్నాడని నాకు ఒళ్ళు మండింది, వెళ్ళలేదు. నిషేధం ఎత్తేశాక మళ్ళీ నా ఉడుకు గదికి నేను చేరుకున్నాను.

అత్తగారు, మామగారు వెళ్ళిపోయి చాలా కాలమైంది. వాళ్ళు పోయాక నా పని సంగతి నా భార్య తన చెల్లెలికి చెప్పేసింది, నా నోటితో మాత్రం నేనెవరికీ చెప్పలేదు. కాలం ఎంత తిరిగిపోయిందో మా తోడల్లుడి అబ్బాయి పెళ్ళి శుభలేఖ చూసినప్పుడే తెలిసింది, పేరు కింద బ్రూయరు అని బంగారు అక్షరాల్లో వేయించారు. వాడు మామిడిపండుతో బీరు చేస్తాడట, తాటిబెల్లంతో చేస్తాడట, గాజు గోడ అవతల నిలబడి జనం చూస్తారట. కిందటేడు అందరం సూర్యలంక వెళ్ళినప్పుడు మా తోడల్లుడు, ఎండు చేపలు బేరమాడుతూ కూడా, మా అబ్బాయి బీరు చేస్తాడమ్మా అని ఆ అమ్మే ఆవిడకు చెబుతున్నాడు. పక్కనే నేను సంచి పట్టుకుని నిలబడ్డాను.

ఇక ఈ ఏటి కోతల పండుగ సంగతి. ఫోటో వచ్చిన వారానికే పండుగ. ఇప్పుడు పాత ఆచారం మారింది, తెచ్చిన ప్రతివాళ్ళూ మైకు పుచ్చుకుని తాము తెచ్చింది ఏమిటో చెబుతున్నారు. వాడు బెంగుళూరు నుంచి వచ్చాడు, గుమ్మడికాయల పక్కన ఒక బస్తా పెట్టాడు. చూడగానే నాకు తెలిసిపోయింది, ఆ వాసన నాకు తెలియనిదా? వాడు మైకు తీసుకుని, కొంచెం కూడా తడబడకుండా, ఇది మాల్టు అండి, దీంతోనే మేము బీరు చేస్తాం అన్నాడు. పిల్లలు ఈలలు వేశారు, అయ్యగారు నవ్వారు. అక్కడితో ఆగితే పోయేది. వాడు నా వైపు చూసి, "మా ఇంట్లో ఈ పని మొదట చేసింది మా పెదనాన్నగారండి. నేను రెండోవాణ్ణి" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. సంతోషించాను అనుకుంటున్నారేమో. నా ఒళ్ళంతా మండిపోయింది. అక్కడ నిలబడి ఆ మాట అనాలని నేను నా ఉద్యోగకాలమంతా ఎదురుచూశాను, నా మాట కూడా వాడే అనేశాడు, అదీ అంత తేలిగ్గా.

వేలం మొదలయ్యాక బస్తా కోసం అన్ని వైపుల నుంచీ పాట లేచింది. నేనూ ఎత్తుకున్నాను. కుర్రవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు, చివరికి మిగిలింది మా తోడల్లుడు, నేను. కొడుకు తెచ్చింది గనక అతను వదలడు, ఆనాటి బస్తా ఇంకా మరిచిపోలేదు గనక నేను వదలను. నా మొహంలో ఏం చూశాడో గాని, అతను చెయ్యి దించేసి కూర్చున్నాడు. బస్తా నాదైంది.

దాన్ని ఆటోలో పెట్టడానికి అతనే ఒక చెయ్యి వేశాడు. నోరు ఊరుకోక, ఆనాడు నాది నువ్వు పాడుకున్నావు, ఇవాళ నీది నేను పాడుకున్నాను, చెల్లుకు చెల్లు అన్నాను. అతను బస్తా మూతి సర్ది, నెమ్మదిగా అన్నాడు.

"ఆరోజు నేను పాడకపోతే మామగారు మిమ్మల్ని లేపేవారు అన్నయ్యా. లేపి అడిగితే మీరు గుళ్ళో అబద్ధం చెప్పలేరు. మొలకెత్తి ఎండిన బార్లీ ఎందుకో సైన్సు మాస్టారికి తెలియదా?"

అప్పటి నుంచే తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు చెప్పనిది నేనెలా అంటానండి" అన్నాడు.

ఆటో తెనాలి దారి పట్టింది. బస్తా మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే, ఒక్కొక్కటే తిరగబడి కనిపించడం మొదలుపెట్టింది. మీ ఫ్యాక్టరీలో పని ఎలా ఉందండీ అని అడిగిన మనిషి, నిజంగానే ఎలా ఉందో వినాలని అడిగాడు. నా పని ఏమిటో తెలిసి, వినడానికి సిద్ధంగా ఉన్న మనిషి ఆ వాకిట్లోనే, ఆ కుర్చీలోనే కూర్చుని ఉంటే, నేను ఆ కుర్చీని చూసి ఏడిచాను తప్ప అందులోని మనిషితో ఒక్క మాట చెప్పుకోలేదు.

ఇంటికొచ్చాక నా భార్య మిక్సీలో గింజలు పట్టి, వేడి నీళ్ళలో కలిపి, కుక్కరులో మూతపెట్టి ఉంచింది. వడకట్టి తాగితే అదే తీపి. ఫ్లాస్కులో పోసి రేపల్లె వెళ్ళే బండికి తెలిసినవాళ్ళ చేత పంపాను. సాయంత్రం మా మరదలు ఫోను చేసి, ఆయన రెండు గ్లాసులు తాగి, అడుగున మిగిలింది కూడా వంపుకున్నారు బావగారూ, తీపంటే ఆయనకు ప్రాణం అని చెప్పింది. ఆనాడు గ్లాసు ఎందుకు జరిపాడో నేను అడగలేదు. నాకు రావలసిన మెచ్చుకోలు తన మీద పడుతుంటే ఎలాగూ తప్పించుకోలేకపోయాడు, జావ అయినా నాకు మిగల్చాలనుకున్నాడేమో.

ఇప్పుడు గుళ్ళో ఎవరినీ ఏ ప్రశ్న నుంచీ కాపాడాల్సిన అవసరం లేదు, పిల్లలు మైకు పట్టుకుని తమ పని తామే చెప్పుకుంటున్నారు, మంచిదే. అలా చెప్పుకోగలిగినందుకు వాళ్ళను చూస్తే నాకు ఇంకా కుళ్ళే. ఇక మా తోడల్లుడి మీద అసూయ పోయిందా అంటే, అదీ పోలేదు. ఇదివరకు మామగారి పక్కన అతని కుర్చీ చూసి ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు, ఒక మనిషి పరువు కాపాడి, ఆ మాట ఇన్నేళ్ళు కడుపులో దాచుకోగలిగిన ఆ మనసు నాకెందుకు ఇవ్వలేదని దేవుణ్ణి అడుగుతున్నాను.